గుర్రాల కన్నా ముందు కళ్ళెం: పాత పికప్ ట్రక్కుకు కొత్త బలం

అమెరికాలో మన తెలుగువాళ్ళ గరాజుల్లో మామూలుగా కనబడేవి ఒక కామ్రీ లేదా అకార్డు, ఒక మినీవాన్, ఈ మధ్య ఒక టెస్లా. మా గరాజులో మాత్రం నాలుగేళ్ళ పాటు 1970 నాటి షెవ్రొలె సి-10 పికప్ ట్రక్కు ఒకటి ముక్కలు ముక్కలుగా ఉండేది. ఇప్పుడది రోడ్డు మీద తిరుగుతోంది. చూసిన మిత్రులందరూ అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే, "ఎన్ని హార్స్ పవర్?" అని. నన్నడిగితే అది ఆఖరున అడగవలసిన ప్రశ్న. ఈ పని మీద ఆసక్తి ఉన్నవాళ్ళకు, ముఖ్యంగా వారాంతాల్లో మాత్రమే తీరిక దొరికే మనలాంటి ఉద్యోగస్తులకు, పనికొచ్చే సంగతులన్నీ ఒకచోట పెడదామని ఈ వ్యాసం.

రెస్టోమాడ్ అంటే ఏమిటి?

పాత బండిని ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు ఎలా ఉండేదో అలాగే చెయ్యడం రెస్టోరేషన్. పైరూపం పాతదే ఉంచి లోపల ఇంజను, బ్రేకులు, సస్పెన్షన్ ఈ కాలానివి అమర్చడం రెస్టోమాడ్. దీని మూలాలు దక్షిణ కాలిఫోర్నియాలో ఉన్నాయి. 1930లలో అక్కడి కుర్రాళ్ళు పాత ఫోర్డు కార్లను విప్పి, బరువు తగ్గించి, ఎండిపోయిన సరస్సుల మీద పందేలు వేసుకునేవారు. 1948 జనవరిలో 'హాట్ రాడ్' పత్రిక మొదలైంది. 1951లో నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ ఏర్పడింది. ఇవాళ ఇదొక పెద్ద పరిశ్రమ. మా ట్రక్కుకు కావలసిన డోర్ రబ్బరు నుంచి పూర్తి ఫ్రేము దాకా కొత్తవి తయారుచేసి అమ్మేవాళ్ళున్నారు.

విజయవాడ ఆటోనగర్‌లో లారీలకు బాడీ కట్టడం చూసినవాళ్ళకు ఇందులో కిటుకు సులువుగా అర్థమవుతుంది. లారీ ఛాసిస్ వేరు, పైన కట్టే బాడీ వేరు. ఈ పికప్ కూడా అంతే. కింద నిచ్చెన లాంటి ఇనప ఫ్రేము, దాని మీద క్యాబ్, వెనక సామాన్ల తొట్టి, అన్నీ బోల్టులతో బిగించినవే. అందుకే విప్పి మళ్ళీ కట్టడం సాధ్యం. ఈ కాలపు కార్లలో బాడీయే ఫ్రేము కాబట్టి వాటితో ఈ పని చాలా కష్టం.

ఈ ట్రక్కే ఎందుకు?

1967 నుంచి 1972 దాకా వచ్చిన షెవ్రొలె ట్రక్కులకు గిరాకీ ఎక్కువ. పొట్టి తొట్టి ఉన్నదాని వీల్‌బేస్ 115 అంగుళాలు, పొడుగుదానిది 127 అంగుళాలు. పొట్టివి ఖరీదెక్కువ. మాది పొడుగుది, అందుకే మాకు అందుబాటు ధరలో దొరికింది. సి-10కి వెనక వైపు పట్టీల స్ప్రింగులకు బదులు కాయిల్ స్ప్రింగులు, రెండు పొడవాటి చేతుల్లాంటి ట్రెయిలింగ్ ఆర్మ్‌లు ఉంటాయి. నాస్కార్ పందెం కార్లలో దశాబ్దాల పాటు వాడిన వెనక సస్పెన్షన్‌కు 'ట్రక్ ఆర్మ్' అని పేరు రావడానికి కారణం ఇదే.

ఇంజను మాత్రం 250 ఘనపు అంగుళాల, అంటే 4.1 లీటర్ల, ఆరు సిలిండర్లది. అప్పటి లెక్క ప్రకారం 155 హార్స్ పవర్. ఇక్కడ ఒక తిరకాసుంది. 1971 దాకా అమెరికా కంపెనీలు ఇంజనును స్టాండు మీద పెట్టి, ఆల్టర్నేటరు, అసలు ఎగ్జాస్టు లాంటివి లేకుండా కొలిచిన 'గ్రాస్' అంకె చెప్పేవి. 1972 నుంచి అవన్నీ తగిలించి కొలిచే 'నెట్' పద్ధతి వచ్చింది. కాబట్టి పాత బండి అంకెను కొత్త బండి అంకెతో నేరుగా పోల్చకూడదు.

కొనేముందు చూడవలసింది తుప్పు

ఇంజను చెడిపోయిందా, పని చేస్తుందా అన్నది అనవసరం, అది ఎలాగూ మారిపోతుంది. చూడవలసింది తుప్పు. తలుపుల కింద ఉండే రాకర్ ప్యానెళ్ళు, క్యాబ్ వెనక కింది మూలలు, పాదాలు పెట్టుకునే చోటు, పై కప్పు అంచున నీరు జారే గాడి, క్యాబ్ ఫ్రేము మీద కూర్చునే చోట్లు, ఈ ఐదూ జాగ్రత్తగా చూడండి. ఒక చిన్న అయస్కాంతం జేబులో పెట్టుకుని వెళ్ళండి. అది అతుక్కోని చోట రంగు కింద ఇనుము లేదు, పుట్టీ ఉంది. పొడి వాతావరణం ఉన్న రాష్ట్రాల బండి కొంచెం ఖరీదైనా, మంచు మీద ఉప్పు చల్లే రాష్ట్రాల బండి కన్నా చివరికి చవకే.

మొదట ఆగడం, తర్వాత పరుగు

మా ట్రక్కుకు నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. ఈ సి-10లకు ముందు డిస్కు బ్రేకులు మామూలుగా ఇవ్వడం 1971 నుంచే మొదలైంది. ఇంజనీర్లకు వేరే చెప్పనక్కర్లేదు, గతిశక్తి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 60 మైళ్ళ వేగం 85 అయితే, బ్రేకులు వేడిగా మార్చి వదిలించుకోవలసిన శక్తి రెండింతలవుతుంది. అది కూడా సుమారు 4,000 పౌండ్ల బండికి. అందుకని డబ్బు మొదట బ్రేకుల మీద పెట్టాము. నాలుగు చక్రాలకు డిస్కులు, కొత్త మాస్టర్ సిలిండరు, కొత్త పైపులు వేశాము. పెద్ద క్యామ్‌షాఫ్టు వేసిన ఇంజను ఐడిల్‌లో సరిపడా వ్యాక్యూమ్ ఇవ్వదు, మామూలు బూస్టరు దాని మీదే ఆధారపడుతుంది. అందుకని స్టీరింగ్ పంపు ఒత్తిడితో పనిచేసే హైడ్రోబూస్ట్ పెట్టాము.

రెండోది పెట్రోలు ట్యాంకు. ఈ ట్రక్కుల్లో సుమారు 20 గాలన్ల ట్యాంకు క్యాబ్ లోపలే, సీటు వెనకే ఉంటుంది. అంటే మన వీపుకూ పెట్రోలుకూ మధ్య సీటు తప్ప ఇంకేమీ లేదు. "అది అక్కడ ఉన్నంత కాలం పిల్లాడు ఆ బండెక్కడు" అని మా ఆవిడ మొదటి రోజే తేల్చి చెప్పింది. ఆ మాట నిజమే కూడా. తొట్టి కింద, ఫ్రేము పట్టీల మధ్య అమర్చే కొత్త ట్యాంకులు దొరుకుతాయి, అదే వేశాము. నడుముకు మాత్రమే ఉన్న పాత బెల్టుల స్థానంలో భుజం మీదుగా వచ్చే మూడు బిందువుల బెల్టులు వచ్చాయి. వాటిని రేకుకు బిగిస్తే చాలదు, లోపల మందపాటి ఉక్కు పలక వెల్డింగు చేసి దానికి బిగించాలి.

ఇక ఇంజను

జనరల్ మోటార్స్ వారి ఎల్.ఎస్. కుటుంబం ఈ పనికి అందరూ వాడేది. 1997 కార్వెట్‌లో 5.7 లీటర్ల ఎల్.ఎస్.1 వచ్చింది, 345 హార్స్ పవర్. 1999 నుంచి అదే నమూనా 4.8, 5.3, 6.0 లీటర్ల సైజుల్లో ట్రక్కుల్లోకి వచ్చింది. ట్రక్కు ఇంజన్లకు ఎక్కువగా ఇనప బ్లాకు ఉంటుంది. కొంచెం బరువు, కానీ గట్టిది, జంక్ యార్డుల్లో చవగ్గా దొరుకుతుంది. ఇంకా బలం కావాలంటే 2008 కార్వెట్ నాటి 6.2 లీటర్ల ఎల్.ఎస్.3 ఉంది, 430 హార్స్ పవర్.

మేము యాక్సిడెంటైన ఒక 2004 సిల్వరాడో 2500 నుంచి 6.0 లీటర్ల ఇంజనూ దాని 4ఎల్80ఇ ఆటోమేటిక్ గేరుబాక్సూ కలిపి తీసుకున్నాము. ఫ్యాక్టరీ లెక్క 300 హార్స్ పవర్. క్యామ్‌షాఫ్టు, వాల్వు స్ప్రింగులు, హెడర్లు మార్చి కంప్యూటరు ట్యూనింగ్ చేయించాక, రోలర్ల మీద కొలిస్తే వెనక చక్రాల దగ్గర 380 వచ్చింది.

ఇంజను కూర్చోబెట్టడానికి అడాప్టరు మౌంట్లు, పాత ఫ్రేముకు తగలకుండా లోతు తక్కువ ఆయిల్ పాన్ కావాలి. అసలు చిక్కు ఇంధనం, వైరింగు దగ్గర వస్తుంది. కార్బ్యురేటరుకు చదరపు అంగుళానికి ఏడు పౌండ్ల లోపు ఒత్తిడి చాలు. ఎల్.ఎస్. ఇంజెక్టర్లకు సుమారు 58 పౌండ్లు కావాలి. పాత పంపు, పాత రబ్బరు గొట్టాలు ఆ ఒత్తిడికి నిలవవు. ఇంజెక్షన్‌కు తగిన గొట్టాలే వాడాలి.

ఆ ఏడాది సిల్వరాడోలో యాక్సిలరేటరుకు కేబుల్ లేదు, అంతా ఎలక్ట్రానిక్. కాబట్టి పెడలు, థ్రాటిల్ మాడ్యూలు, కంప్యూటరు, వైరింగ్ హార్నెస్ ఒకే బండి నుంచి సెట్టుగా తీసుకోవాలి. విడివిడిగా తెస్తే ఒకదాని మాట ఒకటి వినదు. దొంగతనం నిరోధక కోడ్ కూడా ట్యూనింగులో తీయించాలి, లేకపోతే ఇంజను అంటుకుని వెంటనే ఆగిపోతుంది. మనలో సాఫ్ట్‌వేర్ వాళ్ళకు ఈ భాగం నచ్చుతుంది. మా అబ్బాయి వైరింగ్ పటం గోడకు అంటించి, తీగ తరవాత తీగ టిక్కులు పెట్టుకుంటూ ఒక వేసవి సెలవంతా దీని మీదే గడిపాడు. వాడి ఫోను అన్ని రోజులు మూల పడి ఉండడం నేనెప్పుడూ చూడలేదు.

ఆ బలాన్ని మోసేదెవరు?

ఇంజను బలం గేరుబాక్సు, డ్రైవ్ షాఫ్టు, వెనక యాక్సిల్ గుండా రోడ్డుకు చేరుతుంది. వీటిలో ఏది బలహీనమైతే అది విరుగుతుంది. డ్రైవ్ షాఫ్టును కొత్త కొలతకు కోయించి బ్యాలెన్సు చేయించాలి. దాని రెండు చివర్ల కోణాలు సరిపోకపోతే హైవే మీద బండి వణుకుతుంది. రేడియేటరు పెద్దదిగా ఉండి ఎలక్ట్రిక్ ఫ్యాన్లు ఉంటే టెక్సాస్ ఎండల్లో కూడా బెంగ ఉండదు. ఫ్రేములో పగుళ్ళు వెతికి, వెల్డింగు చేయించి, రంగు వేశాకే ఇంజను దించాలి. అన్నీ అమర్చాక పగులు కనబడితే మళ్ళీ అన్నీ విప్పాలి.

గరాజులో ప్రాణానికి జాగ్రత్త

జాక్ మీద మాత్రమే నిలబడ్డ బండి కిందికి ఎప్పుడూ దూరకండి, జాక్ స్టాండ్లు తప్పనిసరి. పాత డ్రమ్ముల్లోని దుమ్ములో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు, దాన్ని గాలితో ఊదకూడదు, తడిపి తుడవాలి. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనరుతో తుడిచిన చోట వెల్డింగు చేస్తే ఫాస్‌జీన్ అనే విషవాయువు పుడుతుంది. రెండు పాళ్ళు కలిపి కొట్టే కొత్త రంగుల్లో ఐసోసయనేట్లు ఉంటాయి, అవి ఆస్త్మా తెప్పిస్తాయి. బయటి నుంచి గాలి అందించే మాస్కు, బూత్ ఉన్నవాళ్ళ చేతే రంగు వేయించడం మంచిది. మేము అలాగే చేశాము.

కాగితాలు, బీమా, ఇరుగుపొరుగు

టైటిల్ మీద ఉన్న నంబరు, తలుపు దగ్గరి పలక మీది నంబరు ఒకటేనా అని కొనేముందే చూడండి. 17 అంకెల వి.ఐ.ఎన్. 1981 నుంచి వచ్చింది, అంతకు ముందువి పొట్టిగా ఉంటాయి, కంగారు పడకండి. కాలిఫోర్నియాలో 1975, అంతకు ముందు పెట్రోలు బండ్లకు స్మాగ్ పరీక్ష లేదు. టెక్సాస్‌లో 25 ఏళ్ళు దాటినవాటికి ఎమిషన్ పరీక్ష లేదు, మామూలు బండ్లకు ఏటా చేసే సేఫ్టీ తనిఖీ కూడా 2025 జనవరి నుంచి తీసేశారు. అంటే మన బ్రేకులు సరిగ్గా ఉన్నాయో లేదో ఇక చూసేది మనమే.

బీమా 'అగ్రీడ్ వాల్యూ' పద్ధతిలో తీసుకోండి. మామూలు పాలసీ ప్రకారం ఇది ఒక పాత ట్రక్కు మాత్రమే, మీ నాలుగేళ్ళ కష్టానికి విలువ ఉండదు. ఇంజను మార్చిన సంగతి దాచకండి. చాలా కంపెనీలు ఈ పాలసీల్లో కుర్ర డ్రైవర్లను ఒప్పుకోవు, ముందే అడగండి. కదలని బండిని డ్రైవ్‌వేలో ఉంచితే నోటీసులిచ్చే హోమ్ ఓనర్స్ అసోసియేషన్లూ ఎక్కువే, కాబట్టి గరాజులో చోటు చూసుకున్నాకే బేరం మొదలుపెట్టండి. ఇంటికి తీసుకెళ్ళి మన ఊళ్ళో తిప్పుదామనుకునేవాళ్ళకు ఒక మాట. ఇండియాలో కంపెనీ ఇచ్చిన రూపానికి విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది.

ఖర్చు

మా ట్రక్కు 5,500 డాలర్లు. ఇంజను, గేరుబాక్సు 2,400. అన్నీ అయ్యేసరికి 38,000 దాటింది. అంటే అందరూ అడిగే ఆ ఇంజనుకు పోయింది మొత్తంలో పదో వంతు కూడా కాదు. రేకు పని, రంగు, బ్రేకులు, సస్పెన్షన్, ఇంధనం, వైరింగు, లెక్కలోకి రాని బోల్టులు, రబ్బర్లు, ఇవే తినేస్తాయి. సగం విప్పి ఆపేసిన బండ్లు అమ్మకానికి అన్ని కనబడడానికి కారణం ఇదే. ముందు ఇంజను కొని మురిసిపోతారు, మిగతావాటికి వచ్చేసరికి డబ్బూ ఓపికా రెండూ ఉండవు. లాభానికి అమ్ముదామని మొదలుపెట్టవద్దని నా సలహా.

ఒకటి మాత్రం మరిచిపోవద్దు. ఎంత చేసినా ఈ బండికి ఎయిర్‌బ్యాగులు లేవు, ఏ.బి.ఎస్. లేదు, చక్రం జారితే పట్టుకునే ట్రాక్షన్ కంట్రోల్ లేదు. వెనక తొట్టి ఖాళీగా తేలిగ్గా ఉంటుంది, వాన పడితే కొంచెం తొక్కినా తోక తిరుగుతుంది. మా అబ్బాయికి లైసెన్సు వచ్చింది, బీమా కంపెనీ కూడా విడిగా ప్రీమియం కట్టించుకుని వాడి పేరు చేర్చింది. అయినా ఇంట్లో ఒక నియమం ఉంది, వానలో వాడు ఈ ట్రక్కు తీయడు, పక్కన నేనుంటే తప్ప ఫ్రీవే ఎక్కడు. ఒక్కొక్క బోల్టూ తానే బిగించినవాడు గనక ఎందుకని వాడు నన్నడగలేదు.

గుర్రాలు ఎన్నయినా కొనుక్కోవచ్చు, జంక్ యార్డులో వరసగా ఉన్నాయి. కళ్ళెం ముందు చేయించుకోండి. ఈ వరసలో చేస్తే బండి పూర్తవుతుంది, పూర్తయ్యాక ఇంట్లోవాళ్ళను నిశ్చింతగా ఎక్కించుకోనూవచ్చు.