శక్కర చాయ్, వంటాముదం: పాలమూరు ఒంటి చరిత్ర

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల్లో యాభై దాటిన నలుగురు ఒకచోట కూర్చుంటే మాట రెండింటి మీదికి పోతుంది. ఒకటి షుగర్, రెండోది మోకాళ్ళు. ఈ రెంటినీ రెండు వేర్వేరు రోగాలుగా చెప్పుకుంటారు. ఒకదానికి గోలీ, ఇంకోదానికి సూది. పాత సంగతులు కాస్త తిరగేస్తే మాత్రం రెండూ ఒకే బాటన ఇంటికొచ్చినట్టు కనిపిస్తుంది. ఆ బాట పేరు కూలి. 2016 అక్టోబరు 11న పాలమూరు, అంటే ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా, విడిపోయి ఇవి వేర్వేరు జిల్లాలయ్యాయి గానీ, ఒంటి కష్టం లెక్కలో ఇప్పటికీ ఇదంతా ఒక్కటే పాలమూరు.

తిండిని కూడా చరిత్రగా రాయవచ్చని తెలుగువాళ్ళకు చూపించిన మనిషి ఈ నేలవాడే. సురవరం ప్రతాపరెడ్డి కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డలో పుట్టాడు. 1952లో వనపర్తి నుంచి శాసనసభకు గెలిచాడు. 1949లో వెలువడిన ఆయన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ రాజుల యుద్ధాలను పక్కకు జరిపి జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు అని వెతికింది. సాహిత్య అకాడెమీ తెలుగుకిచ్చిన మొట్టమొదటి పురస్కారం, 1955లో, ఆ పుస్తకానికే. తీపి చరిత్రను కూడా ఆయన చూపిన తోవలోనే, జనం కంచంలోంచే చూడాలి.

ఆ కంచంలో నిత్యం ఉన్నది జొన్న గట్క, రొట్టె, అంబలి. చెల్కల్లో కొర్ర పండేది. తీపి ఉండేది, కానీ దానికి తేదీ ఉండేది. పీర్ల పండక్కి మలీద, పండగ పబ్బానికి పోలెలు, జాతరకు పోతే బెండ్లు, బత్తీసలు. హోలీకి శక్కర పేర్లు. పాకాన్ని చెక్క అచ్చుల్లో పోసి, మధ్యన దారం పెట్టి ఆరబెడితే తెల్లవి, గులాబీవి బిళ్ళలు దండగా వస్తాయి. పిల్లల మెడలో వేస్తే సాయంత్రానికి దారమే మిగిలేది. మళ్ళీ ఏడాది దాకా ఆ దండ మాట లేదు. అడవిలోనూ అంతే. అమ్రాబాద్ గుట్టల మీది చెంచులకు తీపి అంటే తేనె, ఇప్పపువ్వు. కొండ అంచున తాడు కట్టుకుని దిగి తెచ్చిన తేనె ఆ రుతువులో దొరికినంతే. 1943లో అచ్చయిన మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ పుస్తకం ‘ద చెంచూస్’ ఆ సేకరణ బతుకును దగ్గరగా చూసి రాసింది. తీపి మీద ఆశ అప్పటివాళ్ళకూ ఉంది. దొరకకపోవడమే వాళ్ళను కాపాడింది.

రోగం కొత్తదేం కాదు. చరక సుశ్రుతులు ప్రమేహాన్ని ఇరవై రకాలుగా విడదీశారు. వాటిలో చెరకు రసాన్ని తలపించే మూత్రం పోయే రకం ఒకటి. కదలకుండా కూర్చోవడం, అతినిద్ర, కొత్త ధాన్యం, బెల్లంతో చేసిన వంటకాలు కారణాలని చరకుడు చెప్పాడు. బలిసిన రోగికి ఒక వైద్యం, బక్కచిక్కిన రోగికి మరొకటి అన్నాడు. యవల తిండిని మెచ్చుకున్నాడు. అంటే ఆనాటి వైద్యుడికి ఇది ప్రధానంగా కూర్చుని తినేవాడి జబ్బు. పొద్దంతా తట్ట మోసే మనిషికి ఇది ఎట్లా వచ్చిందన్నదే మనం అడగాల్సిన ప్రశ్న.

చక్కెరకూ కూలికీ సంబంధం ప్రపంచమంతటా పాతదే. కరీబియన్ దీవుల్లో బానిసల చేత పండించిన చెరకే యూరప్ చాయ్ కప్పుల్లోకి వెళ్ళింది. బానిసత్వం రద్దయ్యాక ఆ పనికి మన వాళ్ళను ఓడలెక్కించారు. మారిషస్‌కు, 1860 నుంచి నటాల్‌కు, ఆ తర్వాత ఫిజీకి పోయిన ఒప్పంద కూలీల్లో తీరాంధ్ర తెలుగువాళ్ళు చాలామంది. నైజాం రాజ్యంలో ఫ్యాక్టరీ చక్కెర పెద్ద ఎత్తున మొదలైంది 1937లో, బోధన్‌లో నెలకొల్పిన నిజాం షుగర్ ఫ్యాక్టరీతో. పాలమూరుకు అప్పటికి చెరకు నీళ్ళు లేవు, కొనే పైసలూ లేవు. కృష్ణ మీద జూరాల కట్టి కాల్వలు పారించాకే ఈ వైపు తడి పెరిగింది. కొత్తకోట దగ్గర కృష్ణవేణి చక్కెర ఫ్యాక్టరీ నడిచేదీ ఈ చుట్టుపక్కల చెరకుతోనే.

ఫ్యాక్టరీ ఊళ్ళో ఉందని జనం చక్కెర తినరు. తినడానికి రెండు మార్పులు కారణమని నా నమ్మకం. మొదటిది బియ్యం. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఆకలి తీర్చిన ఆ పథకాన్ని తప్పుపట్టే ధైర్యం ఎవరికీ ఉండకూడదు, నాకూ లేదు. కానీ దానితో పాటే జొన్న పొయ్యి మీంచి దిగిపోయింది. దంచే పని, విసిరే పని లేకుండా అన్నం వండుకోవచ్చు మరి. పొద్దున తాగిన అంబలి మధ్యాహ్నం దాకా నిలిపేది. అన్నం అంతసేపు నిలపదు. ఆ ఖాళీలోకి వచ్చింది రెండో మార్పు, చాయ్.

పాలమూరు లేబర్ అన్న పేరు దేశమంతా తెలుసు. మేస్త్రీల వెంట గుంపులు గుంపులుగా పోయి డ్యాములకు, కాల్వలకు మట్టి ఎత్తినవాళ్ళు, నగరాల్లో పునాదులు తవ్వినవాళ్ళు ఈ చెల్కల రైతులే. పని దగ్గర వండుకునే తీరిక ఉండదు. చిన్న గ్లాసులో చిక్కటి చాయ్, దానిలో రెండు చెంచాల శక్కర పోస్తే ఇంకో రెండు గంటలు పని సాగుతుంది. అది చాపల్యం కాదు, అన్నానికి బదులు. పని ముగించి ఊరికి తిరిగొచ్చాక కూడా ఆ గ్లాసు చేతిని విడవలేదు.

నొప్పి కథ కూడా అక్కడే మొదలవుతుంది. తట్ట మోసిన మెడ, పార పట్టిన నడుము, మెట్లెక్కిన మోకాళ్ళు. ఒళ్ళు నొప్పులకు కల్లు తాగడం ఒక తరం అలవాటు. చెట్టు కల్లు తగ్గి, క్లోరల్ హైడ్రేట్, డైజీపాం, ఆల్ప్రాజోలం కలిపిన కల్తీ కల్లు వచ్చాక ఆ అలవాటు పీడగా మారింది. 2015లో దానిపై దాడులు పెరిగినప్పుడు, ఒక్కసారిగా మత్తు ఆగిపోయి వణుకుతూ, గొంతు పెగలక అవస్థపడిన జనం నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు ఆస్పత్రులకు చేరారు. ఎన్నేళ్ళ నొప్పిని ఆ సీసాలో ముంచారో అప్పుడుగానీ బయటికి తెలియలేదు.

ఇక ఈ నేల తన నొప్పికి తాను వెతుక్కున్న మందుల్లో ముందు చెప్పాల్సింది ఆముదం. వానాధారపు చెల్కల్లో ఉమ్మడి మహబూబ్‌నగర్ ఆముదానికి పెట్టింది పేరు. బిజినేపల్లి మండలం పాలెంలోని వ్యవసాయ పరిశోధన కేంద్రం నుంచే క్రాంతి, హరిత, కిరణ్ రకాలు, పీసీహెచ్-111 హైబ్రిడ్ రైతుల చేతికొచ్చాయి. దీపానికీ, తలకూ, బండి ఇరుసుకూ, బాలింతకూ అదే నూనె. మందుకు వాడేది మాత్రం వంటాముదం. గింజల్ని పెంకు మీద నల్లబడేదాకా వేయించి, రోట్లో మెత్తగా దంచి, ఆ ముద్దను నీళ్ళ కుండలో వేసి మరగబెడతారు. నూనె పైకి తేలుతుంది. గరిటెతో నిదానంగా తీసి, ఇంకో గిన్నెలో పోసి, చిటపట ఆగేదాకా మళ్ళీ కాస్తారు. చిటపట ఆగితే నీరు పోయినట్టు. గింజలోని రిసిన్ అనే విషం నూనెలో కరగదు, వేడికి చెడిపోతుంది. కాబట్టి ఆ పద్ధతి చవకే కాదు, భద్రం కూడా. ఈ నూనె రాసి, జిల్లేడాకు వెచ్చజేసి కట్టడం, వావిలాకు కాచిన నీళ్ళతో స్నానం, ఇసుక మూటతో కాపడం, ఇదీ ఇంటింటి వైద్యం.

ఇందులో ఎంత నిజం? ఆముదంలోని రిసినోలెయిక్ ఆమ్లం వాపును తగ్గిస్తుందని ప్రయోగశాలల్లో తేలింది. 2009లో అచ్చయిన ఒక భారతీయ అధ్యయనం మోకాలి కీలు అరిగినవాళ్ళకు నాలుగు వారాలు ఆముదం గొట్టాలిచ్చి, డైక్లోఫెనాక్ తీసుకున్నవాళ్ళతో పోల్చింది. రెండు జట్లకూ నొప్పి తగ్గింది. నల్లమలలో పెరిగే అందుగు చెట్టు బంకను నాగ్‌పూర్ వైద్యులు 30 మంది మోకాలి రోగుల మీద పరీక్షించి 2003లో ఫలితం ప్రకటించారు, వాపు, నొప్పి తగ్గాయని. పసుపు సారాన్ని థాయ్‌లాండ్‌లో 367 మందిపై ఐబుప్రొఫెన్‌తో పోల్చిన అధ్యయనం 2014లో వచ్చింది. నొప్పి తగ్గించడంలో తీసిపోలేదు. అయితే అక్కడ ఇచ్చింది రోజుకు 1,500 మిల్లీగ్రాముల సారం, కూరలో వేసే చిటికెడు పసుపు కాదు. ఇవన్నీ కొద్దికాలం సాగిన పరీక్షలు. అరిగిన కీలును ఏ పసరూ మళ్ళీ మొలిపించదు. మూడు రోజుల్లో నొప్పి మాయం చేసే సంతల పొడి కనిపిస్తే ఇంకా ఎక్కువ భయపడాలి, అలాంటి పొడుల్లో స్టెరాయిడ్లు బయటపడిన సందర్భాలు దేశంలో చాలా ఉన్నాయి. జీడిగింజతో చురకలు పెట్టించుకోవడం కూడా మానాలి. ఆ రసం తోలును బొబ్బలెక్కిస్తుంది.

తిండితోనే రోగాన్ని ఎదుర్కోవాలన్న ఆలోచన తెలుగులో ఉద్యమంగా మారి నూరేళ్ళు దాటింది. జర్మనీవాడైన లూయీ కూనే ప్రకృతి చికిత్స గ్రంథాన్ని ద్రోణంరాజు వేంకటాచలపతి శర్మ 1894లోనే తెలుగు చేశారు. స్వాతంత్య్రం వచ్చిన కొత్తలో హైదరాబాద్‌లో ప్రకృతి చికిత్సాలయం నిలబడింది. మన కాలంలో మంతెన సత్యనారాయణరాజు ఉప్పు, నూనె, పంచదార లేని వంటను టీవీ ద్వారా ఇళ్ళల్లోకి తెచ్చారు. ప్రొద్దుటూరులో పుట్టిన ఖాదర్ వలీ కొర్రలు, అండుకొర్రలు, సామలు, అరికెలు, ఊదలు పట్టుకుని ఊరూరా తిరిగారు, 2023లో పద్మశ్రీ అందుకున్నారు. వీళ్ళు చెప్పిన ప్రతి మాటకూ రుజువు లేదు, చిరుధాన్యాలతో షుగర్ గోలీలు పారేయవచ్చని నమ్మి ప్రాణం మీదికి తెచ్చుకోకూడదు. కానీ చక్కెర మానడం ఇంటివంట సమస్య అని జనానికి అర్థమయ్యేలా చెప్పినవాళ్ళు వీళ్ళే. దాన్ని నేను చిన్న పని అనుకోను.

చక్కెర మీద యావ వ్యసనమేనా? ఎలుకలకు ఆకలి పెట్టి, కొంతసేపు మాత్రమే తీపినీళ్ళు అందనిస్తే అవి మత్తుకు మరిగినట్టు ప్రవర్తించాయని ప్రిన్స్‌టన్ పరిశోధకులు చూపారు. మనోవైద్యుల అధికారిక వ్యసనాల జాబితాలో మాత్రం చక్కెర లేదు. ఆ ప్రయోగంలో నాకు ముఖ్యంగా కనిపించేది తీపి కాదు, ఆకలి. పొద్దుటి తిండి మానిన మనిషికి పదింటికి చాయ్ కావాలనిపించడం చూస్తూనే ఉన్నాం. వ్యసనం సంగతి ఎట్లున్నా, చక్కెర హానిని 1972లోనే బ్రిటన్ పోషకాహార శాస్త్రవేత్త జాన్ యుడ్కిన్ పుస్తకంగా రాస్తే నిపుణులు తోసిపుచ్చారు. అంతకుముందు 1967లో నేరాన్ని కొవ్వు మీదికి మళ్ళించిన హార్వర్డ్ వ్యాసానికి చక్కెర పరిశ్రమే డబ్బిచ్చిందని 2016లో బయటపడింది. ఆ మధ్య కాలంలోనే మన ఊళ్ళల్లో చాయ్ హోటళ్ళు నిండాయి.

లెక్క చూడండి. గ్లాసుకు రెండు చెంచాలంటే ఎనిమిది నుంచి పది గ్రాములు. రోజుకు ఐదు గ్లాసులు తాగితే నలభై పైమాటే. ప్రపంచ ఆరోగ్య సంస్థ మేలని చెప్పే హద్దు దాదాపు 25 గ్రాములు. బెల్లం, తేనె వేసుకుంటే తప్పు లేదనుకోవడం మనలో గట్టిగా నాటుకున్న పొరపాటు, ఆ హద్దులో అవీ లెక్కే. మానడానికి దారి నాలుకలోనే ఉంది. చక్కెర బాగా తగ్గించినవాళ్ళకు రెండు మూడు నెలల్లో అదే మిఠాయి మునుపటికన్నా తియ్యగా తోస్తుందని 2016 నాటి ఒక అమెరికా అధ్యయనం తేల్చింది. వారానికో పావు చెంచా తగ్గించి, పొద్దున్నే జొన్నరొట్టెనో అంబలినో కడుపులో వేస్తే పది గంటల చాయ్ పట్టు దానంతటదే సడలుతుంది.

ఈ రెండు రోగాలు ఒకే ఒంట్లో కలిసినప్పుడు అసలు ప్రమాదం. ఒంటి బరువు కిలో తగ్గితే అడుగడుగునా మోకాలి మీద నాలుగు కిలోల ఒత్తిడి తగ్గుతుంది, కాబట్టి తీపి తగ్గించడం నొప్పికి కూడా మందే. షుగర్ ఉన్నవాళ్ళు నొప్పిగోలీలు నెలల తరబడి మింగితే కిడ్నీలకు దెబ్బ. అరికాళ్ళ మంటలు, తిమ్మిర్లు ఉన్నవాళ్ళకు వేడి తెలియదు, కాపడం ఇటుక కాలిస్తే పుండు పడ్డాకే చూసుకుంటారు. ఏళ్ళ తరబడి మేలు చేసిన ఇంటివైద్యమే అప్పుడు కాలు తీయించే దాకా తెస్తుంది. ముందు మోచేతి మీద వేడి చూసి, ఇంట్లో ఇంకొకరి చేత కాపడం పెట్టించుకోవాలి.

ఇవాళ ఆముదం చేలలో చాలావరకు పత్తి ఉంది. దేశపు ఆముదంలో సింహభాగం గుజరాత్‌ది. గద్వాల విత్తనపత్తి చేలల్లో ఆడవాళ్ళు పొద్దున్నించి వంగి మొగ్గ మొగ్గకూ క్రాసింగ్ చేస్తారు, నడుమెత్తేది చాయ్ వచ్చినప్పుడే. ఇప్పుడు ఆరోగ్య కేంద్రాల్లో బీపీ, షుగర్ పరీక్షలు జరుగుతున్నాయి, గోలీలూ ఇస్తున్నారు. ఆ పరీక్షలు రాసే కాగితంలో ఇంకో మూడు గళ్ళు ఉండాలి: రోజుకు ఎన్ని చాయ్‌లు, పొద్దున ఏం తిన్నారు, నొప్పికి ఏం మింగుతున్నారు. రేషన్ బియ్యంలో కొంత భాగం జొన్నగా ఇస్తే, చేల గట్టున చాయ్‌కి ముందు అంబలి అందితే, ఆ గళ్ళల్లో రాసే జవాబులు మారతాయి.