దిల్‌సుఖ్‌నగర్ డాబా మీద అద్దానికి పరీక్ష

జనవరి నెలాఖరు, రాత్రి తొమ్మిదిన్నర. దిల్‌సుఖ్‌నగర్‌లో నాలుగంతస్తుల డాబా మీద ఉన్నారు మీరు. కింద కోచింగ్ పిల్లలు హాస్టళ్లకు మళ్లుతున్నారు. ఎల్బీ నగర్ వైపు మెట్రో సాగిపోతోంది. మీ ముందు ప్లైవుడ్ పెట్టెలో కూర్చోబెట్టిన పొడవాటి టెలిస్కోపు గొట్టం, దాని అడుగున చేత్తో అరగదీసి పాలిష్ పట్టిన 6 అంగుళాల అద్దం.

తొందరపడకండి. స్లాబు ఇంకా పగటి వేడి వదులుతోంది, అద్దమూ చల్లబడాలి. వీధి దీపాల గురించి బెంగ వద్దు. మసక నెబ్యులాలను మింగేసే ఆ వెలుగు కాంతివంతమైన నక్షత్రాన్ని ఏమీ చేయలేదు. అద్దాన్ని పరీక్షించడానికి ఒక్క నక్షత్రం చాలు.

తూర్పున బాగా పైకొచ్చిన పునర్వసు తారల్లో పొల్లక్స్‌ను పట్టండి. ఫోకస్ కాస్త లోపలికి జరిపితే చుక్క వలయాలుగా విచ్చుకుంటుంది, మధ్యలో డయాగొనల్ అనే చిన్న అద్దం నీడ. నీడ ఓ పక్కకు ఒరిగింది. అడుగు స్క్రూ కొద్దిగా తిప్పి, జారిపోయిన చుక్కను మధ్యకు తెచ్చి మళ్లీ చూడండి. నీడ నడిమికి వచ్చింది.

కానీ వలయాలకు మూడు మూలలు తేలాయి. అద్దాన్ని పట్టిన మూడు క్లిప్పులు బిగుసుకున్నాయన్నమాట. ఆకుపచ్చ కాంతి తరంగం పొడవు సుమారు 550 నానోమీటర్లు. అద్దం ఉపరితలంలో అందులో ఎనిమిదో వంతు, దాదాపు 70 నానోమీటర్ల తేడా ఉన్నా బొమ్మ చెడుతుంది. గాజుకూ క్లిప్పుకూ మధ్య కాగితం దూరేంత వదులు చేయండి. వలయాలు గుండ్రబడ్డాయి.

ఇప్పుడు ఫోకస్‌కు అటూ ఇటూ పోల్చండి. రెండు వైపులా వలయాలు ఒకేలా ఉంటే అద్దం వంపు కుదిరినట్టే. తేడా ఉంటే మళ్లీ పాలిషింగ్ బల్ల దగ్గరికి, 1858లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త ఫూకో చెప్పిన కత్తి అంచు పరీక్షకి వెళ్లాలి.

ఈ అద్దం నెగ్గింది. ఎడమ పక్కనున్న రెండో పునర్వసు తార క్యాస్టర్ మీదికి తిప్పి, బొమ్మను 200 రెట్లకు పెంచండి. ఒక్కటిగా కనబడే తార రెండుగా విడిపోయింది! ఆ రెండూ ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతున్నాయని 1803లో చాటిన విలియం హెర్షెల్ కూడా తన టెలిస్కోపుల అద్దాలను తానే అరగదీసుకున్నవాడు.

ఎల్బీ నగర్ దాటి సాగర్ రోడ్డు పట్టుకుని, ఇబ్రహీంపట్నం దాకా వెళ్తే ఆ ప్రాంతంలోనే జపాల్-రంగాపూర్. ఉస్మానియా విశ్వవిద్యాలయం 48 అంగుళాల టెలిస్కోపు నిలిపింది అక్కడే. మీరూ చీకటి ఆకాశం వెతుక్కుంటూ ఊరు దాటండి, కానీ అద్దాన్ని ఇక్కడే సరిచేసుకుని వెళ్లండి. నెబ్యులా కనిపించే అరుదైన రాత్రిని స్క్రూలు తిప్పడానికి ఖర్చు చేయకూడదు.