చూడీ మర్ గయీ: బందూక్‌లో ఒక చిన్న పేచ్ తారీఖ్

మన ఇళ్లలో చూడీ అంటే గాజు. అదే చూడీ ఖరాద్ షాపులోకి వెళ్లేసరికి స్క్రూ మీద చుట్టూ తిరిగే గాడి అవుతుంది. ఆ గాడి అరిగిపోయి, స్క్రూ పట్టు లేకుండా ఊరికే తిరుగుతుంటే ఉస్తాద్ 'చూడీ మర్ గయీ' అంటాడు. పక్క షాపులోని తెలుగు మెకానిక్ 'మర పోయింది' అంటాడు. స్క్రూకి మన మాట పేచ్. దాన్ని తిప్పేది పేచ్‌కస్. పేచ్ అంటే మెలిక. తెలుగువాళ్లందరూ పెట్టుకునే 'పేచీ' కూడా ఆ మెలికలోంచి పుట్టిందే.

కుట్టు మిషన్‌లో చూడీ పోతే కుట్టు ఆగుతుంది. రైఫిల్‌లో పోతే నిషానా తప్పుతుంది. రైఫిల్ నడుమ బోల్ట్ ముందుకీ వెనక్కీ ఆడే ఉక్కు భాగాన్ని రిసీవర్ అంటారు. దూర్బీన్ బిగించేది సాధారణంగా దాని మీదే, సన్నటి పేచ్‌లతో. కాల్చిన ప్రతిసారీ కుదుపు వస్తుంది. ఒక్క పేచ్ వదులైనా దూర్బీన్ చూపించేది ఒకచోటు, గుండు తగిలేది మరోచోటు.

ఈ చిన్న పేచ్ వెనక పెద్ద తారీఖ్ ఉంది. అది మన కారీగర్ల తారీఖ్ కూడా.

అక్బర్ దౌర్‌లో బందూక్ నాలీ ఎలా చేసేవారో అబుల్ ఫజల్ ఆయీనె అక్బరీలో రాశాడు. ఇనుప రేకును పల్చగా సాగగొట్టి, ఏటవాలుగా మెలితిప్పి, అంచు మీద అంచు ఎక్కించి కొలిమిలో అతికేవారు. నాలీ పగలకుండా ఉండటానికి ఆ జాగ్రత్త. బీజాపూర్ దర్బార్ నుంచి 1583లో అక్బర్ దగ్గరికి వెళ్లిన ఫతుల్లా షీరాజీ ఒకేసారి పదహారు నాలీలను శుభ్రం చేసే యంత్రం తయారు చేశాడు. ఇంత హునర్ ఉన్న దేశం మనది.

అయినా పేచ్ దగ్గర మనం వెనకబడ్డాం. మొఘల్ కాలపు పనిముట్ల మీద ఇర్ఫాన్ హబీబ్, ఎ. జాన్ ఖైసర్ వంటి చరిత్రకారులు రాసినవి చదివితే ఒక విషయం తెలుస్తుంది. 17వ శతాబ్దం రెండో సగంలో హిందుస్తానీ కారీగర్లు లోహపు ముక్కలను కలపడానికి పేచ్ చేస్తున్నారు. కానీ గాడి కోసి కాదు. మేకు చుట్టూ సన్నటి తీగ చుట్టి, దాన్ని టంకంతో అతికించేవారు. చూడటానికి పేచ్‌లాగే ఉంటుంది, జోరుగా బిగిస్తే తీగ ఊడొస్తుంది. గాడి సమంగా కోయడానికి కావలసిన ఖరాద్ వాళ్ల చేతిలో లేదు. అక్ల్ లేక కాదు, ఔజార్ లేక.

తోడేదార్ బందూక్‌కి ఈ లోటు పెద్దగా తెలియలేదు. నాలీని కొయ్యకు తీగతోనో తోలుతోనో కట్టేస్తే సరిపోయేది. చక్‌మక్ బందూక్ వచ్చాక కథ మారింది. చక్‌మక్ రాయిని దవడల మధ్య బిగించి పట్టేది పేచే. ఘోడా, కమాన్, తాళం పలక, అన్నీ పేచ్‌ల మీదే నిలబడతాయి. శ్రీరంగపట్నం కార్ఖానాల్లో టిప్పూ సుల్తాన్ ఇలాంటి బందూక్‌లు చేయించాడు. మన హైదరాబాద్‌లో నిజాం కొలువులోని ఫ్రెంచ్ జనరల్ రేమండ్ ఫిరంగులు పోయించిన చోటు తోప్ కా సాంచా. ఇవాళ మనం గన్‌ఫౌండ్రీ అంటున్నది దాన్నే.

ఇంగ్లండ్‌లోనూ చాలాకాలం ప్రతి పేచ్‌కీ ఒకే రంధ్రం తోడు. చేత్తో చేసినవి కాబట్టి ఒక బందూక్ పేచ్ పక్క బందూక్‌లో పట్టేది కాదు. 1800 ప్రాంతంలో లండన్‌లో హెన్రీ మాడ్‌స్లే ఒకే కొలతతో చూడీ కోసే ఖరాద్‌ను తీర్చిదిద్దాడు. అతని షాపులో పనిచేసిన జోసెఫ్ విట్‌వర్త్ 1841లో దేశమంతటికీ ఒకే కొలత ఉండాలన్నాడు. చూడీ కోణం 55 డిగ్రీలన్నాడు. 1850లలో ఎన్‌ఫీల్డ్ కార్ఖానాకు అమెరికా నుంచి మెషీన్లు వచ్చాయి. ఆ దశాబ్దం చివరికి అక్కడి రైఫిళ్ల భాగాలు ఒకదానివి మరొకదానికి సరిపోయేలా తయారయ్యాయి. 1857 గదర్‌కు నిప్పు రాజేసిన తూటాలు ఆ ఎన్‌ఫీల్డ్ నమూనావే. గదర్ తర్వాత హిందుస్తానీ సిపాహీలకు చాలాచోట్ల లోపల గాళ్లు లేని నున్నటి నాలీ తుపాకులే ఇచ్చారు.

ఎన్‌ఫీల్డ్ వారసురాలే మన పోలీస్ స్టేషన్లలో దశాబ్దాలపాటు కనిపించిన త్రీ నాట్ త్రీ. రెండో ప్రపంచ యుద్ధంలో లండన్‌లోని హాలండ్ అండ్ హాలండ్ కంపెనీ 20 వేలకు పైగా నంబర్ ఫోర్ రైఫిళ్లకు దూర్బీన్ అమర్చింది. దాన్ని పట్టుకునే దిమ్మెలను రిసీవర్‌కు పేచ్‌లతో బిగించి, పైగా టంకం కూడా పట్టించారు. కుదుపుకు ఒట్టి పేచ్‌లు చాలవని వాళ్లకు తెలుసు.

మరి చూడీ పోయిన రంధ్రాన్ని ఎలా బాగుచేస్తారు? కొంచెమే దెబ్బతింటే ట్యాప్ తిప్పి గాడి శుభ్రం చేస్తారు. పూర్తిగా పోతే రంధ్రాన్ని కాస్త పెద్దది చేసి, ఒక సైజు పెద్ద పేచ్ వేస్తారు. చోటుంటే ఉక్కు ముక్క దిగ్గొట్టి కొత్త రంధ్రం వేస్తారు. వెల్డింగ్ మాత్రం జోలికి పోకూడని మార్గం. ఆ వేడికి రిసీవర్ ఉక్కు పదును పోతే, తూటా పేలిన జోరుకు అది తట్టుకోలేదు. అందుకే ఇది లైసెన్స్ ఉన్న ఉస్తాద్ పని. 1959 ఆయుధాల చట్టం మరమ్మతుకూ లైసెన్స్ అడుగుతుంది.

ఇంకో మార్గం ఉంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో విమానాల ఇంజిన్ల వల్ల బాగా పేరొచ్చింది. మెత్తటి అల్యూమినియంలో చూడీ త్వరగా పోయేది. రంధ్రం పెద్దది చేసి, ట్యాప్ వేసి, అందులో ఉక్కు తీగ చుట్టను తిప్పి దించేవారు. స్ప్రింగ్‌లాంటి ఆ తీగే కొత్త చూడీ. హెలీకాయిల్ అంటారు. గోడ దళసరిగా ఉన్నచోట ఇది బందూక్‌కూ పనికొస్తుంది.

ఇది చదివి 'చూశారా, మనవాళ్లు ముందే కనిపెట్టారు' అని వాట్సాప్‌లో పెట్టకండి. మొఘల్ కారీగర్ తీగ మేకు మీద టంకంతో అతికినది, హెలీకాయిల్ రంధ్రం గోడను తన బిగువుతో పట్టుకునేది. ఒకటి రెండోదానికి తండ్రి కాదు. అలాగని 'మనకేం వచ్చు' అనేవాళ్ల మాటా నిజం కాదు. ఔజార్ లేనప్పుడు ఆ కారీగర్ చేతులు ముడుచుకుని కూర్చోలేదు, తీగతో దారి వెతికాడు. మన పిల్లలకు ఫఖర్ కావాలంటే ఈ నిజం చాలు. అబద్ధం కలపనక్కర్లేదు.

మీ ఖాన్‌దాన్‌లో ఖరాద్, తాళాలు, సైకిళ్లు, బందూక్‌ల పనిచేసిన బుజుర్గులు ఉంటే, వాళ్లు వాడిన ఔజార్ల పేర్లు అడిగి రాసిపెట్టండి. చూడీ, పేచ్, కమాన్ లాంటి మాటలు వాళ్ల నోట్లో ఇంకా బతికే ఉన్నాయి. నాకూ పంపితే ఒకచోట చేరుస్తాను.