గొలుసుకు పళ్లు వచ్చిన కథ

చెట్లు కోసే మిషన్‌కి నూరేళ్లట, ఆదివారానికి ఏదైనా రాయమన్నారు మా ఎడిటర్‌గారు. ఆండ్రియాస్ ష్టీల్ అనే ఇంజినీరు జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో తన కంపెనీ పెట్టింది 1926లో. ఆ లెక్కన ఈ ఏడాది శతవార్షికోత్సవం. సరే అన్నాను. నాకు ఆ కంపెనీ కంటే ఒక పురుగు మీద మమకారం ఎక్కువన్న సంగతి మాత్రం ఆయనకు చెప్పలేదు.

కోత పని ఎంత పాతదో చెప్పడానికి ఈజిప్టు రాగి రంపాల దాకా వెళ్లొచ్చు. నాకైతే పంచతంత్రంలో కోతి చాలు. వడ్రంగులు దుంగను సగం దాకా కోసి, చీలికలో చీల కొట్టి భోజనానికి వెళ్లారు. కోతి వచ్చి ఆ చీల పీకింది, చచ్చింది. చిన్నప్పుడు అందులో నీతి చెప్పారు గానీ, చీల ఎందుకు కొట్టారో ఎవరూ చెప్పలేదు. కోస్తుంటే మాను మూసుకుపోయి రంపాన్ని పట్టేస్తుంది, అందుకు. ఇప్పటికీ మిషన్ పట్టుకుని చెట్టు కోసేవాళ్ల సంచిలో ప్లాస్టిక్ చీలలు ఉంటాయి.

ఆ కోతి తరవాత వందల ఏళ్లు ఒక్క గెంతులో దాటేద్దాం. రాజమండ్రిలో మా తాతగారింటి వెనక ఒక కలప అడితి ఉండేది. దుంగను ఎత్తు మీద పెట్టి, పైన ఒకడు, కింద ఒకడు ఆ పొడుగాటి రంపాన్ని లాగేవాళ్లు. పైవాడు గీత చూసుకోవాలి. కిందివాడి పని తల ఎత్తి పొట్టు మింగడమే. ‘రంపపు కోత’ అనే మాట పుట్టించింది ఆ కిందివాడే అయ్యుంటాడని నా అనుమానం.

గొలుసు రంపం మాత్రం అడవిలో పుట్టలేదు, పురిటి గదిలో పుట్టింది. 18వ శతాబ్దం చివర స్కాట్లండ్‌లో జాన్ ఐట్కెన్, జేమ్స్ జెఫ్రే అనే ఇద్దరు వైద్యులు, కాన్పు అడ్డం తిరిగినప్పుడు ఎముక దగ్గర దారి చేయడానికి సన్నటి పళ్ల గొలుసు వాడారు. రెండు కొసలా రెండు పిడులు, చేత్తో లాగడమే. 1830 ప్రాంతంలో బెర్న్‌హార్డ్ హైనే అనే జర్మన్ దానికి తిప్పే పిడి పెట్టాడు. అక్కణ్ణించి అడవికి రావడానికి మరో వందేళ్లు పట్టింది. 1926లో ష్టీల్ కరెంటుతో నడిచే రంపం చేశాడు, మరుసటి ఏడాది ఎమిల్ లెర్ప్ పెట్రోలు రంపాన్ని తురింగియాలోని డోల్మార్ కొండ ఎక్కించి పరీక్షించాడు. బరువు 58 కిలోలు. పల్లకీ మోసినట్టు ఇద్దరు మోయాలి. ఇంజిన్ మోత వినపడేదే తప్ప, కోత మాత్రం అంతంత మాత్రమే.

లోపం ఇంజిన్‌లో లేదు, పళ్లలో ఉంది. చేతి రంపం పళ్లనే తెచ్చి గొలుసుకి తగిలించారు. కొన్ని పళ్లు నారను ఇటూ అటూ గీస్తాయి, వెనక వచ్చేవి ఆ గీసిన పొడిని గోకి బయటికి తోస్తాయి. చేత్తో నెమ్మదిగా లాగితే అది బ్రహ్మాండమైన పద్ధతి. ఇంజిన్ వేగానికి మాత్రం ఆ పళ్లు ఇట్టే మొండిబారేవి. పైగా ఒక్కో రకం పంటిని ఒక్కోలా నూరాలి. కోసే పని గంటైతే, ఆకురాయి పట్టుకుని కూర్చునే పని మరో గంట.

ఇప్పుడు మన పురుగు. 1946, చలి ముదురుతున్న రోజులు. అమెరికాలో ఆరెగాన్ అడవిలో జో కాక్స్ కట్టెలు కొట్టుకుంటున్నాడు. చెట్లు కోసి బతికేవాడు, మిషన్లు విప్పి బిగించే పిచ్చి ఉన్నవాడు. ఈ గొలుసు పళ్లతో వేగలేక విసిగినవాడు కూడా. ఒక మొద్దు దగ్గర చేతులాపి చూస్తే, లోపల మాను తొలుస్తూ ఒక పురుగు. పెంటకుప్ప తవ్వితే దొరికే తెల్లటి, బొద్దు కొమ్ముపురుగు పిల్లల్ని మీరు చూసే ఉంటారు. వాటికి దూరపు చుట్టం, చూపుడు వేలంత లావు. దానికి గట్టి చెక్కా మెత్తటి చెక్కా తేడా లేదు, నార వెంట పోతుంది, నారకు అడ్డం పోతుంది. ఎటు పోయినా ఒకటే తీరిక.

ఇంకెవరైనా అయితే ఆ పురుగును గొడ్డలి మడమతో నలిపి, మళ్లీ పనిలో పడేవాళ్లు. కాక్స్ దాని నోరు చూశాడు. దవడలు కొడవలిలా వంగి ఉన్నాయి, ఒకటి ఎడమకి, ఒకటి కుడికి. గీయడం లేదు, గోకడం లేదు. ఈ పక్క ఒక పెచ్చు లేపుతుంది, ఆ పక్క ఒక పెచ్చు. వడ్రంగి చిత్రిక పట్టినట్టు!

అంతే కాక్స్ కనిపెట్టింది. పోర్ట్‌లండ్‌లో ఇంటి కింది గదిలో కూర్చుని, ఆ దవడనే ఉక్కులో చేశాడు. ఒక పన్ను ఎడమకు వంపు, తరవాతది కుడికి. ప్రతి పన్ను ముందూ చిన్న మెట్టు, పన్ను ఎంత లోతు దిగాలో అది చెబుతుంది, చిత్రిక అడుగు బల్ల చెప్పినట్టే. 1947 నవంబరులో ఆ గొలుసు అమ్మకానికి వచ్చింది. కాక్స్, ఆయన భార్య ఆలిస్ పెట్టిన ఆ కంపెనీకి ఆరెగాన్ అనే పేరు ఇప్పటికీ ఉంది. ఈ రోజు ఏ దుకాణంలో, ఏ బ్రాండు మిషన్ కొన్నా, గొలుసు తిప్పి చూడండి. ఆ పురుగు నోరే. నాకు తెలిసినంతలో, ఒక పురుగు మనిషికి ఇంత సాయం చేసి ఒక్క రూపాయి రాయల్టీ అడగకపోవడం, పట్టుపురుగు తరవాత ఇదే.

ఆ తరవాతి కథ ఇంత తిన్నగా నడవదు. 1950 నాటికి ఒక్కడే మోయగల పెట్రోలు రంపం వచ్చింది, 16 కిలోలు. 1959లో వచ్చిన ష్టీల్ ‘కాంట్రా’ 12. బరువు తగ్గాక అందరి చేతుల్లోకీ వెళ్లింది, ప్రమాదాలూ వెళ్లాయి. రోజంతా అదురుతూ ఉంటే రక్తం ఆడక వేళ్లు తెల్లబడటం మొదలైంది, అదురు తగ్గించే స్ప్రింగులు వచ్చాయి. బ్లేడు కొస పై భాగం దేనికైనా తగిలితే మిషన్ మీదికి ఎగురుతుంది, 1970ల్లో చెయిన్ బ్రేక్ వచ్చింది. లోపల పొరలుపొరలుగా నార కుట్టిన ప్యాంట్లు వచ్చాయి, గొలుసు తగిలితే ఆ నార వెళ్లి గొలుసు తిప్పే చక్రానికి చుట్టుకుని ఆపేస్తుంది. మన దగ్గర ఆ ప్యాంటు వేసుకున్నవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు. లుంగీ, హవాయి చెప్పులు, నోట్లో బీడీ.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి విశాఖను ఊడ్చినప్పుడు, రోడ్లు తెరిచింది ఈ రంపాలే. నిలబడ్డ చెట్టు కంటే పడ్డ చెట్టు కోయడం కష్టం. వంగిన కొమ్మలో ఒకవైపు నొక్కుడు, ఒకవైపు లాగుడు. నొక్కుడు వైపు లోతుగా కోస్తే రంపాన్ని పట్టేస్తుంది, లాగుడు వైపు ఒక్కసారి కోస్తే విల్లులా తన్నేస్తుంది. ఇవేవీ మిషన్‌తో వచ్చే కాగితంలో చదివి నేర్చుకునేవి కావు.

కొనేవాళ్లేమో దుకాణంలో ‘ఎన్ని సీసీ?’ అనే అడుగుతారు. 58 సీసీ, 22 అంగుళాల బ్లేడు చూపిస్తే మురిసిపోతారు. చెట్టెక్కి కొమ్మలు దించేవాడికి అది గుదిబండ. వాడికి కావలసింది పైన పిడి ఉన్న చిన్న రంపం, 12, 14 అంగుళాల బ్లేడు, నడుముకి తాడు. ఆ చిన్నది ఒంటిచేత్తో ఊపాలనిపిస్తుంది, చాలామంది వేళ్లు అక్కడే పోతాయి. ఇప్పుడు బ్యాటరీవి వచ్చాయి, మోత తక్కువ, పొగ లేదు, మిషన్ తెలియనివాడికి పట్టడం మరీ తేలిక. అది మేలో కీడో ఈ వ్యాసంలో తేలదు.

మొన్న మా వీధిలో కరెంటు తీగల కింద వేపచెట్టు కొమ్మలు కొట్టడానికి ఇద్దరు వచ్చారు. పెద్దాయన మిషన్ స్టార్ట్ చేయలేదు. ముందు గొలుసు బిగింపు వేలితో చూశాడు. తరవాత అరుగు మీద కూర్చుని, గుండ్రటి సన్న ఆకురాయితో ఎడమవైపు పళ్లన్నీ నూరాడు, ఒక్కోదానికి మూడు తోపులు. బ్లేడు తిప్పి కుడివైపువి మొదలెట్టాడు.

“బాబాయ్, ఎండ ఎక్కుతోంది” అన్నాడు కుర్రాడు, కొమ్మ మీంచి.

“కింద పడే పొట్టు చూశావా నిన్న? పిండిలా పడింది. ఇవాళ పెచ్చులు పడాలి” అన్నాడాయన, తల ఎత్తకుండా.