సత్రం నుంచి లాడ్జి దాకా: వలసపాలన కాలపు చెన్నపట్నంలో సామాన్య బాటసారి బస

వ్యాససంగ్రహం:
వలసపాలనలో ఎదిగిన నగరాల చరిత్రను కోటలు, న్యాయస్థానాలు, విశ్వవిద్యాలయాల ద్వారా రాయడం పరిపాటి. ఆ నగరానికి పనిమీద వచ్చి, రెండు మూడు రోజులుండి వెళ్ళిపోయిన సామాన్యుడు ఎక్కడ తల దాచుకున్నాడన్న ప్రశ్నకు ఆ చరిత్రలో చోటు తక్కువ. చెన్నపట్నంలో చావడి, సత్రం, పూటకూళ్ళ ఇల్లు, హోటలు, లాడ్జి అనే ఐదు బస రూపాలు ఎలా ఏర్పడ్డాయో, ఒకదానికొకటి ఎలా దారి ఇచ్చాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. బస చౌకదా, ఖరీదైనదా అన్నదానికన్నా అది ఎవరికి దొరికిందన్నదే ఈ చరిత్రలో కీలకమని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: చెన్నపట్నం, చావడి, సత్రం, పూటకూళ్ళు, హోటలు, లాడ్జి, కులం, ప్రయాణం.

1. ఉపోద్ఘాతం:
1639లో ఈస్టిండియా కంపెనీ కోట కట్టుకోవడానికి స్థలం పొందిన నాటినుంచి చెన్నపట్నం వచ్చిపోయేవారి ఊరుగానే పెరిగింది. నేత పనివారు, వర్తకులు, దుబాసీలు, దావాలు వేసినవారు, యాత్రికులు, విద్యార్థులు, ఉద్యోగార్థులు అక్కడికి చేరారు. వారిలో తెలుగువారి పాలు ఎక్కువ. పెద్దనాయకనిపేట, ముత్యాలపేట వంటి పేటలలో బంధువులో కులంవారో ఉన్నవారికి బస సమస్య కాలేదు. తెలిసినవారు లేనివారికి మాత్రం ఊరు చేరగానే ఎదురయ్యే మొదటి ప్రశ్న అదే.

ఐరోపా ప్రయాణికులకు సమాధానం త్వరగానే దొరికింది. 19వ శతాబ్ది మధ్యనాటికి మౌంటురోడ్డు పరిసరాలలో వారి కోసం హోటళ్ళు వెలిశాయి. 1854లో ఇంపీరియల్ పేరుతో మొదలై, తరవాత కన్నెమరాగా మారిన హోటలు ఇందుకు ఉదాహరణ. నగర చరిత్రకారులు ఇటువంటి హోటళ్ళ గురించి విరివిగా రాశారు. నాలుగు అణాలు ఆదా చేసుకోవలసిన దేశీయ బాటసారి చరిత్ర వేరే దారిలో నడిచింది.

2. చావడి - ఒక మాట చరిత్ర:
దక్షిణాదిలోని ఆంగ్లేయులు బాటసారుల విడిదిని 'చౌల్ట్రీ' అన్నారు. ఈ మాటకు మూలం తెలుగు, మలయాళ భాషలలోని 'చావడి' అని నిఘంటుకారులు సూచించారు. తెలుగు పల్లెలో చావడి నలుగురూ కూర్చునే చోటు, తగవులు తీర్చే చోటు, పరాయి ఊరివాడు రాత్రి పడుకునే చోటు. ఈ మూడు పనులూ ఒకే కప్పు కింద జరిగేవి.

చెన్నపట్నంలోనూ మొదట అదే జరిగింది. 17వ శతాబ్దిలో కోట బయటి పేటల చిన్న తగవులను విచారించిన న్యాయస్థానానికి చౌల్ట్రీ కోర్టు అనే పేరు వచ్చింది. సుంకాల వసూలుకు కూడా ఆ చావడితో సంబంధం ఉండేది. నగరానికి దక్షిణాన, తరవాతి కాలంలో తెల్లదొరల తోట బంగళాలు వెలసిన విశాల ప్రదేశాన్ని చౌల్ట్రీ ప్లెయిన్ అన్నారు. బాటసారి విడిది పేరు న్యాయస్థానానికీ నేలకూ అంటుకున్నదంటే, ఆ విడిది ఊరి జీవితంలో ఎంత ప్రధానమో తెలుస్తుంది. కాలక్రమంలో న్యాయం కోర్టు భవనాలకూ, సుంకం కార్యాలయాలకూ తరలింది. చావడికి బస ఒక్కటే మిగిలింది.

3. సత్రం - ధర్మం, ధర్మకర్త, ప్రభుత్వం:
చావడి ఊరిది. సత్రం దాతది. ఒక రాజు, జమీందారు, వర్తకుడు లేదా దుబాసీ పుణ్యం కోసం, పేరు కోసం భూమి రాసిచ్చి, దాని ఆదాయంతో బాటసారులకు నీడను, కొన్నిచోట్ల అన్నాన్ని కల్పించడం సత్రం లక్షణం. దాత పెట్టిన షరతులే దాని శాసనం.

ఈ దానధర్మాలు వలస ప్రభుత్వపు లెక్కల్లోకి ఎక్కిన సంవత్సరం 1817. మద్రాసు ప్రభుత్వం ఆ ఏడాది చేసిన ఏడవ రెగ్యులేషన్ దేవాలయాలు, మసీదులతో పాటు వంతెనలు, సత్రాల నిర్వహణ కోసం ఇచ్చిన భూముల ఆదాయం సక్రమంగా ఖర్చయ్యేలా చూసే బాధ్యతను రెవిన్యూ బోర్డుకు అప్పగించింది. సత్రం గుడి పక్కనా, వంతెన పక్కనా నిలబడటం గమనించదగినది. పుణ్యకార్యంగా మొదలైనది ప్రజోపయోగ నిర్మాణంగా కూడా గుర్తింపు పొందింది. అయితే ప్రభుత్వం ఆదాయవ్యయాలను చూసింది గాని, లోపలికి ఎవరిని రానివ్వాలన్న ఆచారాన్ని దాదాపుగా ముట్టుకోలేదు.

సత్రం అనే మాట కరువు కాలంలో మరో అర్థం సంతరించుకున్నది. హైదరలీ దండయాత్ర వల్ల వచ్చిన కరువులో, 1782లో, చెన్నపట్నానికి చేరిన నిరాశ్రయులకు గంజి పోయడానికి ఏర్పడ్డ కేంద్రం మణేగారు సత్రంగా పేరుపడింది. అది క్రమంగా రోగులకు, దిక్కులేనివారికి ఆశ్రయమైంది. నేటి స్టాన్లీ ఆసుపత్రి తన మూలాలను అక్కడే చెప్పుకుంటుంది. బాటసారికీ దిక్కులేనివాడికీ మధ్యనున్న గీత ఎంత సన్ననిదో ఈ ఉదంతం తెలుపుతుంది. తెలుగులోని 'సత్రం భోజనం, మఠం నిద్ర' అనే సామెతలో ఆ గీత చెరిగిపోయింది. అది ఇల్లూ వాకిలీ లేని బతుకుకు పర్యాయపదమైంది.

4. మజిలీల లెక్క - ఏనుగుల వీరాస్వామి:
చెన్నపట్నం సుప్రీంకోర్టులో ప్రధాన దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామి 1830 మే 18న తండయారువీటిలోని తన తోటనుంచి కాశీయాత్రకు బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగివచ్చాడు. దారి పొడుగునా మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెకు ఆయన రాసిన విషయాలే 1838లో 'కాశీయాత్రచరిత్ర'గా అచ్చయ్యాయి.

ప్రతి మజిలీలోనూ ఆయన దృష్టి దాదాపు అవే విషయాలపై నిలుస్తుంది: నీళ్ళున్నాయా, అంగళ్ళున్నాయా, దిగడానికి సత్రమో నీడో ఉన్నదా, బ్రాహ్మణుల ఇళ్ళు ఎన్ని. చివరి అంశం యాదృచ్ఛికం కాదు. ప్రయాణంలో వంట, మడి, పంక్తి అనే మూడింటినీ కాపాడుకోవలసిన వాడికి ఊరి కులనిర్మాణం తెలియడం నీటివసతి తెలియడమంత అవసరం. వీరాస్వామి పేదవాడు కాడు. సుమారు వందమంది పరివారంతో, గుడారాలతో వెళ్ళాడు. అంతటివాడికీ బస అనిశ్చితమే అయినప్పుడు, మూట భుజాన వేసుకుని కాలినడకన వచ్చే సామాన్యుడి స్థితి ఊహించదగినదే. ఆ సామాన్యుడు ఏ గ్రంథమూ రాయలేదు. అందువల్ల అతని మజిలీలను పై తరగతివారి రచనల అంచుల్లోనే వెతకవలసి వస్తుంది.

5. రైలు తెచ్చిన మార్పు:
1856లో రాయపురం స్టేషను, 1873లో సెంట్రల్ స్టేషను ఏర్పడ్డాయి. 1871 నాటికి కడప, గుంతకల్లు ప్రాంతాలు రైలుద్వారా నగరంతో కలిశాయి. 1899లో బెజవాడ - మద్రాసు మార్గం తెరుచుకోవడంతో కృష్ణా, గుంటూరు, నెల్లూరు ప్రాంతాలవారికి రాజధాని ఒక రాత్రి ప్రయాణంగా మారింది. 1857లో విశ్వవిద్యాలయం, 1862లో హైకోర్టు ఏర్పడి ఉండటంతో పరీక్షకు వచ్చే విద్యార్థి, అప్పీలుకు వచ్చే రైతు నగరానికి కొత్త బాటసారులయ్యారు. యాత్రికుడికి తిథి ముఖ్యం. వీరికి వాయిదా ముఖ్యం. వాయిదా ఎన్ని రోజులు సాగుతుందో తెలియదు గనుక వీరికి కావలసింది పుణ్యస్థలం దగ్గరి సత్రం కాదు, స్టేషను దగ్గరి చౌకబస.

19వ శతాబ్ది చివరి పాదంలో సెంట్రల్ స్టేషను సమీపంలో రాజా సర్ సవలై రామస్వామి మొదలియారు కట్టించిన సత్రం ఈ అవసరానికి వచ్చిన సమాధానం. ఆయన వర్తకసంస్థ దుబాసీగా సంపాదించినవాడు. దాత పాత తరహావాడే, ఎంచుకున్న చోటు మాత్రం కొత్తది. గుడి గోపురానికి బదులు రైలుస్టేషను గడియారం సత్రానికి దిక్కు చూపింది. స్టేషను ఎదుటే ముస్లిం ప్రయాణికుల కోసం సిద్దీఖ్ సరాయి కూడా వెలసింది. రైలుపెట్టెలో కలిసి కూర్చుని వచ్చినవారు స్టేషను దిగగానే మతాన్నిబట్టి, కులాన్నిబట్టి వేర్వేరు గుమ్మాలవైపు నడిచారు.

6. పూటకూళ్ళ నుంచి హోటలుకు:
డబ్బిచ్చి అన్నం తినడం తెలుగువారికి వలసపాలన నేర్పిన విద్య కాదు. 15వ శతాబ్ది నాటిదిగా భావించే 'క్రీడాభిరామం' ఓరుగల్లులో ఒక్క రూకకు విందు పెట్టే పూటకూటి ఇంటిని వర్ణించింది. అయినా అన్నవిక్రయం తప్పన్న భావన బలంగానే కొనసాగింది. గురజాడ 'కన్యాశుల్కం'లో పూటకూళ్ళమ్మ ఒక వితంతువు. జీవనోపాధికి అన్నం అమ్ముకునే ఆమె పట్ల పాత్రలు చూపే చులకనలో ఆ భావన ఛాయ కనిపిస్తుంది. ఉచితంగా పెట్టేవాడు దాత, డబ్బు తీసుకుని పెట్టే స్త్రీ అనుమానాస్పదురాలు.

20వ శతాబ్ది తొలి దశాబ్దాలలో కన్నడ తీరంలోని ఉడిపి ప్రాంతంనుంచి వచ్చిన బ్రాహ్మణులు ఈ వ్యాపారానికి గౌరవం తెచ్చారు. వండేవాడి కులం తినేవాడి సందేహాన్ని తీర్చింది. వారిలో ప్రసిద్ధుడైన కె. కృష్ణారావు 1938లో రాయపేటలో ఉడ్‌ల్యాండ్స్ ప్రారంభించాడు. భోజనంతో పాటు బస కూడా కల్పించే ఈ తరహా సంస్థలు దేశీయ మధ్యతరగతికి మౌంటురోడ్డు హోటళ్ళకు ప్రత్యామ్నాయమయ్యాయి.

ఇక్కడ ఒక భాషా విశేషం ఉంది. ఆంగ్లంలో బసను సూచించే 'హోటల్' తెలుగులో ప్రధానంగా భోజనశాల అయింది. బసకు 'లాడ్జి' అనే వేరొక మాట అవసరమైంది. తెలుగువారికి హోటలు మొదట పూటకూళ్ళ ఇంటికి వారసురాలిగా పరిచయమై, గది తరవాత వచ్చి చేరడం ఇందుకు కారణమై ఉండవచ్చు. అన్నం, పడక అనే రెండింటినీ కలిపి ఇచ్చిన సత్రం స్థానాన్ని ఒక్క మాట పూరించలేకపోయింది.

7. గది ఎవరికి?:
సత్రంలో బస ఉచితం, ప్రవేశం షరతులతో కూడినది. అన్నం తరచు బ్రాహ్మణులకే. ఇతర కులాలవారికి కొన్నిచోట్ల వసారా, కొన్నిచోట్ల స్వయంపాకం. అస్పృశ్యులుగా ముద్రపడినవారికి గుమ్మమే లేదు. ఈ స్థితిలో డబ్బు ఒక విముక్తిమార్గంగా కనిపించాలి. చెల్లించగలిగినవాడికి కులమేమిటని అడగని బజారు ధర్మం హోటలుకు కూడా వర్తించాలి. చరిత్రలో అలా జరగలేదు. దక్షిణాది రైల్వేస్టేషన్ల భోజనశాలలలో బ్రాహ్మణులకు, ఇతరులకు వేరు గదులుండేవి. టికెట్టు ఒకటే, పంక్తి వేరు. పెరియార్ నాయకత్వంలోని ఉద్యమం తరవాత 1941లో అవి తొలగాయి. పేరుపలకపై 'బ్రాహ్మణ' అనే విశేషణం నిలిపి ఉంచిన తిరువల్లిక్కేణి హోటలు ఒకదాని ముందు 1957లో నెలల తరబడి నిరసన సాగింది.

చట్టం అంచెలంచెలుగా వచ్చింది. ఎం. సి. రాజా ప్రవేశపెట్టిన మద్రాసు పౌర అశక్తతల నిర్మూలన చట్టం 1938లో తొలి అడుగు. రాజ్యాంగంలోని 15వ అధికరణం దుకాణాలు, భోజనశాలలు, హోటళ్ళలో ప్రవేశానికి కులం, మతం అడ్డు కారాదన్నది. 1955 నాటి అస్పృశ్యతా నేరాల చట్టం మరింత స్పష్టంగా మాట్లాడింది. హోటలు అనే మాటలో భోజనవసతి గృహం, లాడ్జి, కాఫీ దుకాణం కూడా చేరతాయని నిర్వచించింది. ప్రజల ఉపయోగం కోసం ధర్మశాల, సరాయి, ముసాఫరుఖానాలలో ఉంచిన పాత్రలను వాడుకునే హక్కును కూడా పేర్కొన్నది. చావడి నుంచి లాడ్జి దాకా సాగిన బస రూపాలన్నిటికీ ఒకే నియమం వర్తించడం అదే మొదలని చెప్పవచ్చు. చట్టం గదిని, మంచాన్ని మాత్రమే గాక నీళ్ళు తాగే చెంబును కూడా ప్రస్తావించవలసి రావడం గమనించాలి. వివక్ష ఎంత సూక్ష్మంగా పనిచేసిందో ఆ ప్రస్తావనే సాక్ష్యం.

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడ్డాక రాజధాని పనులు, మరుసటి ఏడాది హైకోర్టు పనులు చెన్నపట్నంనుంచి తరలిపోయాయి. వాయిదాలకు వచ్చే తెలుగు రైతు తగ్గాడు. సినిమా అవకాశాల కోసం కోడంబాకం పరిసరాలలో అద్దెగదుల్లో, మెస్సుల్లో గడిపిన తెలుగు యువకులు మరి కొన్ని దశాబ్దాలు ఆ స్థానాన్ని నింపారు.

8. ముగింపు:
పై పరిశీలనవల్ల తేలిన అంశాలు ఇవి:

1. చెన్నపట్నంలో చౌకబస చరిత్ర ఊరి ఉమ్మడి చావడితో మొదలై, దాత సత్రంగా, వ్యాపారి హోటలుగా, లాడ్జిగా మారింది. ప్రతి దశలోనూ గుమ్మం దగ్గర నిర్ణయాధికారం చేతులు మారింది.

2. రైలు బాటసారుల సంఖ్యను, అవసరాలను మార్చింది. బస స్థలాన్ని గుడి దగ్గరనుంచి స్టేషను దగ్గరకు తెచ్చింది. ప్రవేశ నియమాలను మాత్రం తనంతట తాను మార్చలేదు.

3. ఉచితమైన సత్రమూ, వెల కట్టిన హోటలూ రెండూ చాలాకాలం కులాన్నే ప్రవేశపత్రంగా అడిగాయి. డబ్బు ఒక్కటే సమానత్వాన్ని తేలేదు. ఉద్యమం, చట్టం కలిసి తెచ్చాయి.

4. చావడి, సత్రం, పూటకూళ్ళు, హోటలు, లాడ్జి అనే మాటల అర్థపరిణామం తెలుగు సమాజంలో ఆతిథ్యభావన పొందిన మార్పులకు ఆధారంగా పనికివస్తుంది.

నేడు లాడ్జి బల్లమీది పుస్తకంలో ప్రయాణికుడు పేరు, ఊరు, వచ్చిన పని రాస్తాడు. ఆ గడుల్లో కులానికి గడి లేదు. అది లేకుండా పోవడానికి ఒక శతాబ్దం పైగా పట్టింది. అయితే పేరు రాసిన తరవాత 'గదులు ఖాళీ లేవు' అన్న మాట వినిపించినప్పుడు, అది నిజంగా గదుల సంగతా, పేరు సంగతా అన్న సందేహం ఇంకా కొందరికి కలుగుతూనే ఉంది. ఆ సందేహం ఎవరికీ కలగని రోజున చావడి తన మొదటి అర్థాన్ని తిరిగి పొందుతుంది.