చిమ్టా పొడవైతే సఫర్ బాగుంటుందా?

మేడ్చల్‌లో మా ఆపా కొడుకు ఒకడున్నాడు. ఆదివారం తెల్లారకముందే సైకిల్ తీసి షామీర్‌పేట వైపు పోతాడు. అటు ఒకప్పుడు అనాబ్-ఎ-షాహి అంగూర్ తోటలుండేవి. ఇప్పుడు ప్లాట్ల హద్దురాళ్లకూ గ్రానైట్ గుండ్లకూ మధ్య మిగిలిన మట్టిబాటలే వీళ్ల మైదాన్. ముందూ వెనకా షాకప్‌లున్న సైకిల్ వాడిది. ముందు చిమ్టా ట్రావెల్ 120 మిల్లీమీటర్లు, అంటే గుంత తగిలితే అంత దూరం వరకు లోపలికి దిగగలదు. మొన్న 150 మిల్లీమీటర్ల సెకండ్‌హ్యాండ్ చిమ్టా బేరమాడి తెచ్చాడు. "మామూ, ముప్పై మిల్లీమీటర్లే కదా, ఫరక్ ఏముంటది?" అన్నాడు.

ఫరక్ ఉంది. అది సమజ్ కావాలంటే చిమ్టా తారీఖ్ కొంచెం తెలియాలి.

సైకిల్‌కు స్ప్రింగులు పెట్టాలన్న ఖయాల్ కొత్తది కాదు. 1885లోనే ఇంగ్లండ్‌లో విప్పెట్ అనే సైకిల్ స్ప్రింగ్ ఫ్రేమ్‌తో వచ్చింది. 1888లో బెల్‌ఫాస్ట్‌లో జాన్ బాయిడ్ డన్‌లప్ అనే పశువుల డాక్టర్ తన కొడుకు మూడు చక్రాల బండికి గాలి టైరు కట్టాడు. గాలే సస్తాగా కుదుపులు మింగేస్తుంటే స్ప్రింగుల జరూరత్ తగ్గిపోయింది. మన అబ్బాల కాలం నాటి భారీ సైకిల్ గుర్తుందా? లావు టైర్లు, సీటు కింద స్ప్రింగులు, ముందుకు వంగిన చిమ్టా, వెనక్కి బాగా వాలిన హ్యాండిల్ పైపు. షాకప్ లేకున్నా గతుకుల బాటలో హ్యాండిల్ కుదురుగా ఉండేది. మొత్తం ఫ్రేమ్‌ను ఆ బాటకోసమే గీశారు.

1976లో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో కుర్రాళ్లు పాత సైకిళ్లతో కొండ దిగే పందెం మొదలుపెట్టారు. దాని పేరు రీప్యాక్. వెనక బ్రేకులో గ్రీజు కాలి పొగలొచ్చేది, కిందికి దిగాక మళ్లీ నింపాల్సిందే, అందుకే ఆ పేరు. వాళ్లకూ షాకప్‌లు లేవు. మోటర్‌సైకిళ్లకు మాత్రం 1935లోనే బీఎండబ్ల్యూ ఆయిల్‌తో పనిచేసే టెలిస్కోపిక్ చిమ్టా పెట్టింది. ఆ ఇల్మ్‌ను సైకిల్‌కు తెచ్చినవాడు మోటర్‌సైకిళ్ల దునియా నుంచి వచ్చిన పాల్ టర్నర్. ఆయన రాక్‌షాక్స్ ఆర్ఎస్-1 ట్రావెల్ 50 మిల్లీమీటర్ల లోపే. 1990లో అమెరికాలోని డురాంగోలో జరిగిన ప్రపంచ పోటీల్లో డౌన్‌హిల్ గెలిచిన గ్రెగ్ హెర్బోల్డ్ సైకిల్‌కు ఉన్నది అదే. 1997 నాటికి మార్జోకీ బాంబర్ 100 మిల్లీమీటర్లకు చేరింది. ఇవాళ 150 మామూలు మాట.

మా భాంజాకు ఈ కథలో సగమే తెలుసు. చిమ్టా ఒంటరిగా పెరగలేదు. అది పొడవైనప్పుడల్లా కంపెనీలు ఫ్రేమ్‌నూ కొత్తగా గీశాయి. 90ల మొదట్లో హ్యాండిల్ పైపు కోణం 71 డిగ్రీల దగ్గర ఉండేది, ఇప్పుడు ట్రైల్ సైకిళ్లలో 64 నుంచి 66. పైపు మందం, జోడింపుల బలం కూడా పెరిగాయి. పాత ఫ్రేమ్‌కు కొత్త చిమ్టా బిగిస్తే ఈ సగం మనకు దక్కదు.

ఇక హిసాబ్. ముందు భాగం 30 మిల్లీమీటర్లు లేస్తే కోణం సుమారు డిగ్రీన్నర వాలుతుంది. పెడల్ ఇరుసు సుమారు సెంటీమీటర్ పైకి పోతుంది. సీటు వెనక్కి వాలుతుంది. దిగేటప్పుడు మజా, ఎక్కేటప్పుడు ముందు చక్రం దారి తప్పుతుంది. మనిషి కూర్చుంటే చిమ్టా కొంత దిగుతుంది కాబట్టి ఈ లెక్క కాస్త తగ్గుతుంది, మాయం కాదు. అసలు ఖతరా వేరు. పొడవైన చిమ్టా పొడవైన గడ్డపార లాంటిది. బ్రేక్ వేసినప్పుడల్లా హ్యాండిల్ పైపు దగ్గరి అతుకును మరింత బలంగా వంచుతుంది. అక్కడ బీట వస్తే ముందు నేలకు తగిలేది మనిషి ముఖం.

అందుకే ట్రావెల్ ఒక్కటే చూడొద్దు. ఇరుసు నుంచి పై కిరీటం దాకా టేపుతో కొలవాలి, ఎందుకంటే 150 చిమ్టాలన్నీ ఒకే పొడవుండవు. ఫ్రేమ్ కంపెనీ రాసిన హద్దు చూడాలి. పైపు మందం, ఇరుసు వెడల్పు కుదరాలి.

వాడి ఫ్రేమ్ కాగితాల్లో హద్దు 130 అని ఉంది. "అసలు నీ తక్లీఫ్ ఏంది బేటా?" అని అడిగితే, దిగేటప్పుడు చేతులు గుంజుతున్నాయన్నాడు. పాత చిమ్టాకు ఆయిల్ ఎప్పుడు మార్చావంటే, నవ్వి తల దించుకున్నాడు. కొని రెండేళ్లయింది, ఒక్కసారీ విప్పలేదు. సీళ్లు, ఆయిల్ మార్పించి, లోపల 130కి సరిపోయే ఎయిర్ షాఫ్ట్ వేయించాం. వెనక షాకప్‌లో గాలి కూడా దానికి తగ్గట్టు సరిచేశాం.

తెచ్చిన 150 చిమ్టా మళ్లీ అమ్మకానికి పెట్టాడు. కొనేవాడికి ముందు నీ ఫ్రేమ్ హద్దు ఎంత అని అడగమన్నాను. పైసలు ఆలస్యంగా వచ్చినా పర్వాలేదు.