సౌర తుపానులు: ఉపగ్రహాలకు పొంచి ఉన్న ముప్పు

సౌర తుపాను తాకినప్పుడు భూమి ఎగువ వాతావరణం వేడెక్కి వ్యాకోచిస్తుంది. దిగువ కక్ష్యలోని ఉపగ్రహాలకు గాలి నిరోధం పెరిగి, అవి ఎత్తు కోల్పోతాయి. 2022 ఫిబ్రవరి 3న స్పేస్‌ఎక్స్ ప్రయోగించిన 49 స్టార్‌లింక్ ఉపగ్రహాలలో దాదాపు 40 ఇలాగే నష్టపోయాయి. నిజానికి అది తీవ్రమైన తుపానేమీ కాదు. అవి అప్పటికి సుమారు 210 కిలోమీటర్ల ఎత్తులోనే ఉండటం చేటు తెచ్చింది.

పై కక్ష్యలలో ముప్పు వేరు. అక్కడ ఆవేశిత కణాలు ఎలక్ట్రానిక్ మెమరీని తారుమారు చేస్తాయి, సౌర ఫలకాలను క్షీణింపజేస్తాయి.

2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి బయలుదేరిన ఆదిత్య-ఎల్1, భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉండి సూర్యుణ్ని పరిశీలిస్తోంది. 2024 మే నాటి భారీ తుపానును అది నమోదు చేసింది. సౌర పవనం ఆ బిందువును దాటి భూమిని చేరడానికి సాధారణంగా గంట వరకు పడుతుంది. సున్నితమైన పరికరాలను సురక్షిత స్థితికి మార్చేందుకు నియంత్రణ కేంద్రాలకు దక్కే వ్యవధి అంతే.